ఎర్ర టేపు విమానం

"అన్నా, మీ విమానం ఒకటి మా దుకాణంల ఉన్నది. వచ్చి తీస్కపోండ్రి."

ఫోనులో ఎవరో ఆడమనిషి. జనగామ నుంచి అంది. జనగామలో నాకు విమానమేదీ లేదు. నాకు మిగిలిన ఒక్కటీ ముక్కలై చెల్పూర్‌లో మా క్వార్టర్ అటక మీద పడి ఉంది. అందుకని నేను మొదట అడిగిన మాట, "నా నంబరు మీకెవరిచ్చిండ్రు?"

"అబ్బా ఫోన్ల 'పాస్టర్' అని ఉన్నది. ఆయన పోయి నలభై దినాలైంది అన్నా. నిన్ననే ఫాతిహా అయింది. సామాన్లు సర్దుతున్నం."

నేను పాస్టరును కాను. నన్ను ఆ పేరుతో పిలిచిన మనిషి భూమ్మీద ఒక్కడే. ఆయన పోయాడు. ఆ మాట విన్నాక కూడా నా మనసు దుఃఖం వైపు వెళ్లలేదు. లేని విమానాన్ని నాకు అంటగట్టి ఈమె ఏం రాబట్టాలనుకుంటోందా అని ఆలోచించాను. ఈ సంగతి దాచి ఆయన గురించి రాయడం తప్పు. ఆయనకూ నాకూ మధ్య నడిచిందంతా ఇదే.

అనుమానం నాకు అన్నంతో పెట్టిన విద్య. కరెంటు ప్లాంటులో మీటర్ల ముందు కూర్చునే ఉద్యోగం నాది. ఒక మీటరు చెప్పినదాన్ని రెండో మీటరు ఒప్పుకుంటే తప్ప నమ్మొద్దని మొదటి రోజే చెప్పారు. అంతకు ముందే ఇంట్లో మా నాయన అదే నేర్పాడు. రోజూ పొద్దున వాక్యం చదివించి, తియ్యగా మాట్లాడేవాడి నోరు కాదు, వాడి కాళ్లు ఎటు నడుస్తున్నాయో చూడమనేవాడు. భూపాలపల్లి చర్చి సంఘంలో నన్ను పెద్దగా నిలబెట్టింది నా ప్రార్థన చూసి కాదు, నా అనుమానం చూసే.

మా సంఘంలో ఒక నియమం ఉంది. ఆదివారం ఆరాధన మధ్యలో ఎవరైనా లేచి సాక్ష్యం చెప్పవచ్చు. అయితే కళ్లతో చూసింది, తన ఒంటి మీద జరిగింది మాత్రమే చెప్పాలి. 'అట' అన్నాడంటే కూర్చోబెడతాం. లేచి కూర్చోబెట్టేది ఎక్కువగా నేనే.

ఆయనను మొదటిసారి కలిసింది ఒక విమానం కొనబోతూ. షిఫ్టు దిగాక తల తేలికపడటానికి రిమోటుతో ఎగిరే థర్మకోల్ విమానం ఒకటి కొనుక్కుని, ఏడాదిపాటు ఖాళీ జాగాల్లో గుండ్రంగా తిప్పాను. తిప్పీ తిప్పీ విసుగొచ్చింది. పల్టీలు కొట్టించాలి, బోర్లా వెల్లకిలా తిప్పాలి, తలకిందులుగా నా ముందు నుంచి పోనివ్వాలి అనిపించింది. అందుకు తగిన విమానం మానుకోటలో ఒక ఆటవస్తువుల దుకాణంలో చూశాను. కాగితాల మీద మహబూబాబాద్, మా నోట మానుకోట. కొనేముందు రెండో మీటరు చూసుకోవాలి కదా. జనగామలో ఒక ముసలాయనకు ఇవన్నీ తెలుసని ఎవరో చెబితే వెళ్లాను.

స్టేషన్ రోడ్డులో మైకు సెట్ల దుకాణం. పెళ్లిళ్లకు, సభలకు మైకులు కిరాయికిస్తాడు. పాడైన ఆంప్లిఫయర్లు బాగు చేస్తాడు. వెనక గదిలో విమానాలు. డెబ్బై ఏళ్లుంటాయేమో. బుగ్గన ఎప్పుడూ ఒక లవంగం ఉండేది. దుకాణమంతా లవంగం వాసన, దాని కింద సోల్డరింగ్ పొగ వాసన. మాట్లాడుతున్నంతసేపూ రెండు చూపుడువేళ్లను గాలిలో పక్కపక్కన నిలిపి ఉంచేవాడు, వాటి మీద మనకు కనబడని బరువేదో తూగుతున్నట్టు.

నేను ఫోనులో ఫోటో చూపించాను. ఎరుపూ తెలుపూ గళ్ల రెక్కలు, తలుపుల్లాంటి తోక రెక్కలు. ఆయన ఫోను తీసుకుని తలకిందులు చేసి చూశాడు.

"ఏం జూస్తున్నరు చాచా?"

"ఉల్టా అయితే ఎట్లుంటదో జూస్తున్న. పైన గళ్లు, కింద గళ్లు. గాలిలకు పోయినంక ఏది వీపో ఏది పొట్టో ఎట్ల జెప్తవ్?"

"రంగుదేమున్నది, మార్చుకోవచ్చు."

"సరే, తోక మారుస్తవా? ఎంత పెద్దగున్నదో జూడు. నువ్వు వేలంత కదిలిస్తే అది మూరెడు గంతేస్తది. కలాబాజీ వచ్చినోనికి మంచిదే. నేర్చుకునేటోనికి ఫుల్లు పెట్టిన మైకసుంటిది. గుసగుస పెట్టినా ఊరంత వినవడ్తది." గాలిలో కొట్టే పల్టీలను ఆయన కలాబాజీ అనేవాడు. "నీకాడ ఇప్పుడేమున్నది?"

"థర్మకోల్‌ది. రెక్క పైనుంటది."

"ఆఁ. రెక్క పైన, కడుపు కింద. రెక్క అడుగు సాపు, మీద ఉబ్బు. అది అమ్మ లెక్క. ఎటు వంచినా మళ్ల సక్కగ దెచ్చి పండుకోబెడ్తది. ఉల్టా పొమ్మంటే ఏడుస్తది. నీకిప్పుడు అమ్మతోని పని లేదు. పెట్టిన కాడ ఉండేటిది గావాలె. వంచితే వంగే ఉండాలె, ఉల్టా అంటే ఉల్టాగనే ఉండాలె. రెక్క ఒంటికి నడుమల ఉండాలె, కింద మీద ఒక్క తీరుగ ఉబ్బాలె. విరిగితే ఇంట్ల కూసోని అతికించుకునేటట్టు ఉండాలె."

అలా అని మూలనున్న దుప్పటి లాగాడు. కింద ఒక విమానం. తేలికైన బాల్సా చెక్కతో చేసిన ఎముకలు, పైన రంగులేని కవరు, పొట్టి తోక. ఎండుచేపలా ఉంది.

"ఇది తీస్కో."

అమ్ముడుపోని సరుకు నా మెడకు కడుతున్నాడని అప్పుడే అనుకున్నాను. ఎంత అని అడిగితే "ముందు నేర్చుకో" అన్నాడు. ధర చెప్పనివాడంటే నాకు ఇంకా భయం.

"ఏం జేస్తవ్ నువ్వు?"

"కరెంటు ప్లాంటుల చాచా. సంఘంల పెద్దను."

"పెద్దవా? నాకంటెనా?" నవ్వాడు. "సరే పాస్టరూ."

"నేను పాస్టర్ను కాదు."

"మైకు పట్టుకోని మాట్లాడెటోళ్లందరు నాకు పాస్టర్లే."

శుక్రవారం ఆయనకు నమాజు, ఆదివారం నాకు ఆరాధన. మిగిలింది శనివారం. జనగామ చుట్టూ ఆయన ఎగరేసిన మైదానాలన్నీ ప్లాట్లయి, హద్దురాళ్లు మొలిచాయి. "ఎక్కడ దింపుదునో అక్కడ పిల్లరు లేస్తున్నది" అనేవాడు. చిట్యాలకూ టేకుమట్లకూ మధ్య మా సంఘం తమ్ముడు ప్రభుదాసు చేను పక్కన బీడు ఒకటి ఉంది. అక్కడికి రమ్మన్నాను. బస్సులు మారి వచ్చేవాడు. విమానాన్ని దుప్పట్లో చుట్టి, రెక్కలు ఒళ్లో పెట్టుకునేవాడు. మొదటి రోజు ఆ బీడు ఈ చివర నుంచి ఆ చివరకు నడిచి, చెప్పులు విడిచి కాలితో తడిమి, "ఇగ నాకు మిగిలింది ఇదొక్క జాగనే పాస్టరూ" అన్నాడు. నేను ఆయన పాదాలు చూస్తూ, ఇంత దూరం ఉత్తపుణ్యానికి వచ్చే మనిషి ఉంటాడా అనుకున్నాను.

తుమ్మచెట్టు నీడన ఆయన చేసే పని ఒకటుంది. విమానం పొట్ట మూత తీసి బ్యాటరీ పెడతాడు. రెక్కల కింద రెండు చూపుడువేళ్లు ఆనించి, లేపి, కళ్లు మూసుకుంటాడు. ముక్కు వాలితే బ్యాటరీని గోరంత వెనక్కి జరుపుతాడు. తోక వాలితే గోరంత ముందుకు. ఇలా ఎన్నిసార్లయినా. సూటిగా నిలిచాక మూత వేసి, బిస్మిల్లా అని, కరెంటు వైర్లకు చుట్టే ఎర్ర టేపు పొట్ట చుట్టూ తిప్పుతాడు. ఇక ఆ రోజుకు దాన్ని తెరవడు. స్విచ్ బయట పక్కకు పెట్టుకున్నాడు.

"ఎందుకు చాచా తెరవరు?"

"తూకం కుదిరినంక చెయ్యి పెడితే తూకం పోతది. లోపల గోరంత జరిగితే పైన గజమంత తప్పుతది. ఉల్టా అయినంక బ్యాటరీ జారిందనుకో, దాన్ని పట్టేటోడు లేడు. టేపు చుట్టినంక తెరిచిన్నాడు నేను పంపను." ఎగరేస్తాననే మాట ఆయన నోట వినలేదు. పంపుతాననేవాడు.

ఆయన బిస్మిల్లా అన్నప్పుడల్లా నేను పక్కకు తిరిగి మనసులో నా ప్రార్థన చేసుకునేవాణ్ని. ఆ మాట నా మీద పడకూడదని. ఆయనకు అది తెలుసు. స్విచ్ మీద వేలు పెట్టి ఆగేవాడు. "అయిందా నీది?" అని అడిగి, నేను తలూపాకే వేసేవాడు.

ఏ పల్టీ అయినా ముందు నేల మీద నడిచి చూపించాలి. విమానం చేత్తో పట్టుకుని, డెబ్బై ఏళ్ల మనిషి ఎగుడుదిగుడు బీడులో గిరగిరా తిరిగేవాడు. తలకిందులు చూపించాల్సి వస్తే వెల్లకిలా పడుకునేవాడు. చేను గట్టు మీద మేకలు కాసే అవ్వ కేకేసేది.

"ఏమైంది కొడుకా, ఎండ దెబ్బ తాకిందా?"

"లే అవ్వా, ఉల్టా ఉన్న!"

"మంచిగనే ఉన్నవ్. గట్లనే ఉండు."

అలా పడుకునే ఆయన నాకు అసలు పాఠం చెప్పాడు. "సక్కగ ఉన్నప్పుడు రిమోటు కర్రను నీ దిక్కు గుంజితే అది పైకి పోతది. ఉల్టా ఉన్నప్పుడు గుంజితే నేలకు పోతది. అప్పుడు ముందటికి నెట్టాలె. గని భయమైతే ప్రతోడు గుంజుతడు. చేతికి గదొక్కటే తెల్సు. ఉల్టా అయినప్పుడు నీ చెయ్యే నీకు దుష్మన్ పాస్టరూ. దాన్ని నమ్మకు."

నేను ప్రతిసారీ గుంజాను. విమానం ముక్కు నేలకు తిరిగేది. ఆయన బొటనవేలు నా బొటనవేలి మీద పడి ముందుకు నెట్టేది. తుమ్మకొమ్మల మీదుగా అది లేచేది. తప్పు చేయడానికి కింద జాగా ఉంచుకోవాలని ఆయన బాగా ఎత్తుకు పంపేవాడు కాబట్టి బతికేది. ఆయన ఒక్కసారీ కోప్పడలేదు. కోపం రాని మాస్టరు మీద కూడా నాకు అనుమానమే.

మూడు నెలలు గడిచాయి. ఈలోగా నేను ఆయనను వేరే రకంగా గమనించడం మొదలుపెట్టాను. విమానం దింపాక గట్టు మీద కూర్చుని రైతులను అడిగేవాడు. ఈ బాయి ఎంత లోతు, ఆ చెలక ఎవరిది, అవతల ఎన్ని ఇళ్లు. మా వైపు నేల కింద బొగ్గుంటుంది. పైన ఏదైనా తిరిగిందంటే కొన్నాళ్లకు గని కోసం భూములు తీసుకోవడానికి చేలల్లో జెండాలు పాతుతారని జనానికి దడ. ఆ దడ నాకూ అంటుకుంది. జనగామ మనిషికి ఇక్కడి బావి లోతు ఎందుకు? ఆ మూత అసలు ఎందుకు తెరవడు? కారణం చెప్పాడు, నిజమే. నేర్పుగా కారణం చెప్పేవాళ్లనే కదా జాగ్రత్తగా చూడమన్నారు.

ఒక శనివారం పొద్దున, రాత్రి షిఫ్టు దిగి, నిద్ర ఆగక, అరగంట ఆలస్యంగా వెళ్లాను. అప్పటికే ఎర్ర టేపు చుట్టేసి ఉంది. నాకోసం ఎందుకు ఆగలేదు అనుకున్నాను. ఆయన స్విచ్ మీద వేలు పెట్టి, నా ప్రార్థన కోసం చూస్తున్నాడు. అంతలో ప్రభుదాసు వచ్చాడు. వెనక ఇంకో నలుగురు, మేకల అవ్వ.

"సాబ్, జర ఆగుండ్రి. గది పంపకుండ్రి."

"ఏమైంది బేటా?"

"టేకుమట్ల దిక్కు మొన్న ఏదో తిరిగిందట. పొలాల ఫోటోలు దీసిందట. మీ దాని పొట్టల కెమెరా ఉన్నదంటున్నరు."

"కెమెరానా! నేను పెండ్లిల మైకు పెట్టెటోన్ని బిడ్డా. ఫోటోలు దీసెటోడు వేరే ఉంటడు."

ఎవరూ నవ్వలేదు. అవ్వ అంది, "నవ్వులాట గాదు కొడుకా. మాకున్నయి గీ రెండెకరాలు."

ప్రభుదాసు నావైపు తిరిగాడు. "పెద్దన్నా, మీరు అబద్ధమాడరు. దాని పొట్టల ఏం లేదని మీరు సాక్ష్యమియ్యిండ్రి. మేం ఇప్పుడే పోతం. సాబ్ రోజు వచ్చినా మాకేం లేదు."

సాక్ష్యం. మూడు నెలలుగా ఆ పొట్టను ఎన్నోసార్లు చూశాను. బ్యాటరీ, రేడియో డబ్బా, తూకానికి కట్టిన రెండు ఇనుప నట్లు. అయితే ఆ రోజు చూడలేదు. చూడనిదానికి సాక్ష్యం చెప్పినవాళ్లను లేచి కూర్చోబెట్టిన మనిషిని నేను. అందరూ నా నోటి వైపు చూస్తున్నారు. ఆయన మాత్రం నన్ను చూడటం లేదు. నేను ఏం చెబుతానో తెలిసినట్టు నిశ్చింతగా విమానం వైపు చూస్తున్నాడు.

"ఇయ్యాల్ల నేను లోపల చూడలే" అన్నాను.

అది నిజం. నా జీవితంలో అంత నిజమైన, అంత నీచమైన మాట ఇంకొకటి చెప్పలేదు. నాలోని అనుమానానికి నిజమనే చొక్కా తొడిగి బయటికి పంపాను.

ఆయన తల తిప్పి నన్ను చూశాడు. గాలిలో ఉన్న రెండు వేళ్లు మెల్లగా ముడుచుకున్నాయి. కూర్చుని, తానే టేపు విప్పి మూత తీశాడు. అవ్వ వంగి చూసింది.

"వైర్లున్నయ్. నట్లున్నయ్. గంతే" అంది.

ప్రభుదాసుకు సిగ్గేసింది. "ఏమనుకోకుండ్రి సాబ్. ఇగ ఎగిరియ్యిండ్రి, చూసిపోతం."

"తెరిచిన్నాడు పంపను బేటా. తూకం పోయింది."

"మల్ల పెట్టుకోరాదుండ్రి?"

"ఇయ్యాల్ల గాదు."

వాళ్లు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. వెనకున్నవాడు గొణిగాడు, "చూస్తుండంగ ఎగిరియ్యమంటె ఎందుకు ఒద్దంటుండు? ఏదో ఉన్నది." ఆ నియమం గురించి అక్కడ తెలిసినవాణ్ని నేనొక్కణ్నే. 'ఈయన మొదటి నుంచీ ఇంతే, తెరిచిన రోజు పంపడు' అని ఒక్క మాట అంటే చాలు. అది చూసిందే, సాక్ష్యానికి పనికొచ్చేదే. నేను నేల చూశాను. చివరికి ప్రభుదాసే మర్యాదగా అన్నాడు, "ఇగ ఈడికి రాకుండ్రి సాబ్. మా జనం పరేషాన్ల ఉన్నరు." అవ్వ ఆయనకు సీసాలో నీళ్లిచ్చింది. తాగి, ఆయన విమానాన్ని దుప్పట్లో చుట్టుకున్నాడు.

చిట్యాలలో బస్సు కోసం ఇద్దరం నిలబడ్డాం. "చాచా, నేను అబద్ధం చెప్పలే" అన్నాను.

"లే. చెప్పలే."

బస్సొచ్చింది. మెట్టు మీద కాలు పెట్టి వెనక్కి తిరిగాడు.

"ఉల్టా అయినప్పుడు గుంజినవ్ పాస్టరూ."

అంతే. మళ్లీ ఆయనను చూడలేదు.

ఆ తరువాతి వారం మానుకోట వెళ్లి గళ్ల విమానం కొన్నాను. నాలుగోసారి ఎగరేసినప్పుడు అది తిరగబడింది. ఏది వీపో ఏది పొట్టో తెలియలేదు. గుంజాను. ముక్కు భూమిలో దిగబడింది. అప్పుడైనా జనగామ వెళ్లవచ్చు. వెళ్లలేదు. ఏమో, ఆయన నిజంగానే ఏదో పని మీద వచ్చేవాడేమో అని ఏడాదిపాటు నాకు నేను చెప్పుకుంటూనే ఉన్నాను. ఆ అనుమానాన్ని మందులా పూటపూటా వేసుకున్నాను. ఆయన మంచివాడని తేలితే ఆ బీడులో తప్పు చేసినవాణ్ని నేనొక్కణ్నే మిగులుతాను.

ఫోను వచ్చాక శనివారం చూసుకుని జనగామ వెళ్లాను. దుకాణంలో లవంగం వాసన ఇంకా ఉంది. ఆయన కూతురు మైకు వైర్లు చుడుతోంది. బల్ల మీద విమానం. అదే ఎండుచేప. ఇప్పుడు దానికి కొత్త కవరు వేసి ఉంది. వీపు తెల్లగా, పొట్ట పసుప్పచ్చగా. పసుపు మీద వెడల్పాటి నల్ల పట్టీలు. ఎంత ఎత్తు నుంచి చూసినా పొరబడలేనట్టు. నడుము చుట్టూ ఎర్ర టేపు.

"ఆఖరి దినాలల్ల ఇదే పట్టుకోని కూసున్నడన్నా. ఇది పాస్టర్‌ది, గాయినకు వీపు పొట్ట తెల్వది, అందుకే రంగేస్తున్న అన్నడు."

నవ్వొచ్చింది. ఆమె కూడా నవ్వి, కత్తెర నా చేతికిచ్చింది.

"తెరిచి జూస్కోండ్రి. అబ్బానే చెప్పిండు, గాయిన తెరిచి చూడకుండ తీస్కపోడు అని."

టేపు కొసను ఆయన మడిచి వదిలాడు, పట్టుకోవడానికి వీలుగా. నా వేళ్లు వాటంతటవే దాన్ని పట్టుకున్నాయి. గుంజితే వచ్చేస్తుంది. లోపల బ్యాటరీ ఉందా, రేడియో ఉందా, ఉత్త డబ్బానా? నా చెయ్యి వెనక్కి లాగుతోంది. దాన్ని నేను చూస్తున్నాను.

కత్తెరను బల్ల మీద ఆమె వైపు నెట్టాను. "వద్దమ్మా."

అయినా రెండు వేళ్ల మీద పెట్టి చూశాను. ఒక్క రోజులో పోయే గుణమా ఇది? సూటిగా నిలిచింది.

చెల్పూర్ దాకా పోకుండా చిట్యాల వైపు వెళ్లాను. బీడు పక్కన చేనులో ప్రభుదాసు, ఇంకో ఇద్దరు పత్తి కట్టె పీకుతున్నారు. గట్టు మీద అవ్వ. దుప్పటి విప్పగానే ప్రభుదాసు గుర్తుపట్టాడు.

"గదే గద పెద్దన్నా! సాబ్ రాలేదా?"

చెప్పాను. అవ్వ చేతి కర్ర నేలకు దించింది. "అయ్యో. నా కోడలికి పిల్లలు లేరని గుర్తుంచుకోని అడిగెటోడు. మా బాయి ఎండిందంటే పరేషానయ్యెటోడు" అంది. బావి లోతు ఆయన ఎందుకు అడిగాడో నాకు అప్పుడు తెలిసింది.

ప్రభుదాసు చేతులు తుడుచుకుని దగ్గరకొచ్చాడు. టేపు చూసి అలవాటుగా అడిగాడు, "పొట్టల ఏమున్నదన్నా?"

ఛార్జింగ్ కోసం మరునాడైనా దాన్ని తెరవాల్సిందే. అది నాకు తెలుసు. ఆ రోజు మాత్రం తెరవలేదు.

"నేను చూడలే తమ్మీ. కెమెరా లేదు. ఆ రోజు గూడ లేకుండె. నేను సాక్ష్యం."

వాడు తెల్లబోయాడు. "చూడకుండ చెప్తె మమ్ముల కూసోబెడ్తరు గదన్నా!"

"ఆదివారం నన్ను గూడ కూసోబెట్టు. ఇయ్యాల్ల నిలవడి చెప్పనియ్యి."